జీమెయిల్‌కి ఏ రికవరీ దారి పెట్టుకోవాలి: ఫోన్ నంబరా, రెండో మెయిలా, బ్యాకప్ కోడ్‌లా, పాస్‌కీనా?

పాస్‌వర్డ్ మర్చిపోవడం అందరికీ జరిగేదే. ఫోన్లో ఒకసారి లాగిన్ అయ్యాక ఏళ్ల తరబడి మళ్లీ అడగదు కాబట్టి, కొత్త ఫోన్ కొన్న రోజో, వేరే కంప్యూటర్లో మెయిల్ తెరవాల్సి వచ్చిన రోజో గానీ మర్చిపోయామన్న సంగతే తెలియదు. అప్పుడు 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కితే తెరమీద ఒక నంబర్ వస్తుంది. అంకెలన్నీ చుక్కలే, చివరి రెండు మాత్రం కనిపిస్తాయి. ఆ రెండు అంకెలు ఇప్పుడు వాడుతున్న నంబర్‌వైతే అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఎప్పుడో వదిలేసిన సిమ్‌వి అయితే అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

ఆ ఒక్క మెయిల్ మీద ఏమేమి ఆధారపడి ఉన్నాయో ఒకసారి చూసుకోండి. రైలు టికెట్లు, ఇన్‌కం టాక్స్ నోటీసులు, పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్, పిల్లల ఎంట్రన్స్ పరీక్షల అప్లికేషన్లు, ఫోన్లోని కాంటాక్టులు, గూగుల్ ఫోటోస్‌లో దాచుకున్న కుటుంబం ఫోటోలు. మిగతా సైట్ల పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు కూడా దానికే వస్తాయి. అందుకే రికవరీ ఏర్పాట్లను ఏదో ఒకటి పెట్టి వదిలేయకుండా, ఆలోచించి ఎంచుకోవాలి.

నేను ఎవరికి చెప్పినా మొదట చెప్పే మాట ఇది: మీరు పెట్టుకున్న దారులన్నీ ఒకేసారి మూసుకుపోకూడదు. రికవరీ నంబర్ ఉన్న సిమ్, కోడ్ చూపించే యాప్, పాస్‌కీ (పాస్‌వర్డ్ లేకుండా వేలిముద్రతోనో ఫోన్ పిన్‌తోనో లాగిన్ అయ్యే ఏర్పాటు), రెండో మెయిల్ లాగిన్, ఇవన్నీ ఒకే ఫోన్లో ఉంటే ఇంటి తాళంచెవినీ దాని డూప్లికేట్‌నీ ఒకే సంచిలో వేసుకుని బస్సెక్కినట్టే. కింద చెప్పే ప్రతి దారినీ ఈ లెక్కనే చూడండి.

ఇప్పటికే మర్చిపోయి ఉంటే

కొత్త పాస్‌వర్డ్ కోసం వెళ్లేముందు పాతది ఎక్కడైనా సేవ్ అయి ఉందేమో చూడండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి ఫోన్ లాక్ తీస్తే సేవ్ అయినవన్నీ కనిపిస్తాయి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే అందులోనూ వెతకండి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా రికవరీ పేజీకి వెళ్లిపోతారు.

సేవ్ కాలేదు గానీ పాత ఫోన్లో మెయిల్ ఇంకా తెరుచుకుంటోంది అంటే మీ పరిస్థితి బాగున్నట్టే. ఆ ఫోన్లోంచే గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చబోయి 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కితే, చాలాసార్లు ఆ ఫోన్ స్క్రీన్ లాక్‌తోనే మీరేనని ఒప్పుకుంటుంది. ఈ పని అయ్యేదాకా ఆ ఫోన్లో అకౌంట్‌ని లాగౌట్ చేయకండి, అమ్మేయకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి.

ముఖ్యంగా ఫ్యాక్టరీ రీసెట్ జోలికి వెళ్లకండి. "ఫోన్ రీసెట్ కొడితే సరిపోతుంది" అని ఎవరో చెప్పగా చేసేస్తారు. రీసెట్ అయ్యాక ఆండ్రాయిడ్ ఫోన్ మళ్లీ అదే గూగుల్ అకౌంట్ అడుగుతుంది. దొంగలకు ఫోన్ పనికిరాకుండా చేయడానికి పెట్టిన రక్షణ అది. పాస్‌వర్డ్ తెలియదు కాబట్టి అప్పటిదాకా మెయిల్ మాత్రమే పోయినవాళ్లకు ఫోన్ కూడా పోతుంది. పాస్‌వర్డ్ మార్చుకున్నాక కూడా రీసెట్ అవసరమైతే కనీసం 24 గంటలు ఆగడం మంచిది.

ఇవేవీ కుదరకపోతే రికవరీ పేజీయే గతి. అక్కడ ఇంట్లో కూర్చుని ప్రయత్నించడానికీ నెట్ సెంటర్‌కి వెళ్లి ప్రయత్నించడానికీ చాలా తేడా ఉంది. మీరు రోజూ వాడే ఫోన్ లేదా కంప్యూటర్, రోజూ వాడే బ్రౌజర్, రోజూ ఉండే చోటు, ఈ మూడింటినీ గూగుల్ గమనిస్తుంది. తెలిసిన వైఫై నుంచి వచ్చిన అభ్యర్థనను నమ్మినంతగా ఊరవతల నెట్ సెంటర్ కంప్యూటర్ నుంచి వచ్చినదాన్ని నమ్మదు. "బాగా తెలిసిన అబ్బాయి ఉన్నాడు, చేసిపెడతాడు" అని అక్కడికి వెళ్లేకంటే ఆ అబ్బాయినే ఇంటికి పిలవండి.

గుర్తున్న చివరి పాస్‌వర్డ్ అడిగితే, ఖచ్చితంగా తెలియకపోయినా గుర్తున్నంతలో పాతది ఏదో ఒకటి టైప్ చేయండి. పాత పాస్‌వర్డ్ కూడా మీరేననడానికి ఒక ఆధారమే. ప్రశ్నలను దాటేయకండి. అలాగని పూనకం వచ్చినట్టు వరుసగా పదిసార్లు ప్రయత్నించకండి. కాసేపు ఆపేస్తుంది. మర్నాడు ప్రశాంతంగా, అదే ఫోన్లోంచి మళ్లీ చూడండి.

కస్టమర్ కేర్ నంబర్ కోసం మాత్రం వెతకకండి. ఉచిత జీమెయిల్ అకౌంట్‌ని ఫోన్ చేస్తే తెరిచిపెట్టే కాల్ సెంటర్ గూగుల్‌కి లేదు. సెర్చ్‌లో 'జీమెయిల్ హెల్ప్‌లైన్' అని కనిపించే నంబర్లకు చేస్తే అవతలివాళ్లు స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి, "చిన్న ఫీజు" అంటూ యూపీఐ పిన్ కొట్టించి, బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. ఇప్పటికే అలా మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

ఫోన్ నంబర్: అందరూ పెట్టుకునేది, అందరికీ సరిపోనిది

రికవరీ నంబర్‌కి ఉన్న పెద్ద బలం ఏమిటంటే, ఫోన్ పోయినా నంబర్ తిరిగి వస్తుంది. ఆధార్ తీసుకుని ఆపరేటర్ స్టోర్‌కి వెళ్తే అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ ఇస్తారు. కొత్త సిమ్ మొదలైన 24 గంటలపాటు ఎస్ఎంఎస్‌లు రావు. మీ పేరు చెప్పి వేరేవాళ్లు సిమ్ తీసుకుని ఓటీపీలు పట్టేయకుండా టెలికాం శాఖ పెట్టిన నిబంధన అది. కాబట్టి ఆ ఒక్కరోజు ఓపిక పట్టాలి.

ఇక బలహీనత. వాడకుండా, రీచార్జ్ చేయకుండా 90 రోజులు వదిలేసిన ప్రీపెయిడ్ నంబర్‌ని ఆపరేటర్ తీసేయొచ్చు. కొంతకాలం తర్వాత ఆ నంబర్ ఇంకొకరికి వెళ్తుంది. అప్పుడు మీ మెయిల్ రికవరీ కోడ్ ఎవరో తెలియని మనిషి ఫోన్‌కి వెళ్తుంది. మనవాళ్లలో ఈ దెబ్బ ఎక్కువగా తగిలేది ఊరు దాటినవాళ్లకు. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లిన మనిషి, గుంటూరు నుంచి డాలస్ వెళ్లిన అమ్మాయి అక్కడి నంబర్ తీసుకోగానే ఇక్కడి సిమ్ రీచార్జ్ మర్చిపోతారు. జీమెయిల్‌లో మాత్రం ఇక్కడి నంబరే ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత పాస్‌వర్డ్ కావలసి వచ్చేసరికి ఆ చివరి రెండు అంకెలు తెరమీద కనిపిస్తాయి గానీ ఆ సిమ్ ఎక్కడా ఉండదు.

ఇంకో తరహా ఇబ్బంది పెద్దవాళ్లది. నాన్న ఫోన్ కొన్నప్పుడు కొడుకు తన నంబర్‌తో జీమెయిల్ చేసిపెడతాడు. కొడుకు నంబర్ మారుతుంది, నాన్న మెయిల్‌లో మారదు. పెద్దవాళ్ల అకౌంట్‌లో వాళ్ల సొంత నంబరే ఉండాలి. మీ నంబర్‌ని పాస్‌వర్డ్ కొట్టాక ఇంకో కోడ్ అడిగే రెండో మెట్టుకి (టూ స్టెప్ వెరిఫికేషన్) అదనంగా పెట్టండి, అంతే. గూగుల్‌లో రికవరీ ఫోన్ వేరు, టూ స్టెప్ వెరిఫికేషన్ ఫోన్ వేరు. ఒకచోట మార్చి రెండో చోట మర్చిపోవడం చాలా మామూలు, అందుకే రెండూ చూడండి.

నా తీర్పు: నంబర్ ఉండాలి. కానీ అదొక్కటే ఉండకూడదు.

రెండో మెయిల్: ఎవరూ పట్టించుకోని మంచి దారి

రికవరీ మెయిల్‌కి సిమ్‌తో పనిలేదు, దేశంతో పనిలేదు. దుబాయ్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా కోడ్ వస్తుంది. ఊరు, నంబర్ తరచూ మారేవాళ్లకు ఇదే మొదటి ఎంపిక కావాలని నేనంటాను.

అయితే ఏ మెయిల్ పెడుతున్నారన్నది చూసుకోవాలి. ఆఫీసు మెయిల్, కాలేజీ మెయిల్ పెట్టకండి. ఉద్యోగం మానేసిన రోజున, కోర్సు అయిపోయాక అవి మీ చేతిలోంచి పోతాయి. ఎప్పుడో తెరిచి వదిలేసిన పాత మెయిలూ వద్దు. గూగుల్ రెండేళ్లు వాడని వ్యక్తిగత అకౌంట్లను తొలగించడం 2023 డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. యాహూ అయితే 12 నెలలు తెరవని మెయిల్‌బాక్స్‌ని నిద్రలో పెట్టి అందులోవన్నీ తుడిచేస్తుంది. అందుకని రెండో మెయిల్‌ని కనీసం పండగ పండగకైనా ఒకసారి తెరవండి.

ఒక చిక్కు గమనించండి. మొదటి మెయిల్‌కి రికవరీగా రెండోది, రెండోదానికి రికవరీగా మొదటిది పెట్టి, రెండింటి పాస్‌వర్డ్‌లూ మర్చిపోతే ఒకదాన్నొకటి కాపాడలేవు. రెండోదాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగా పెట్టండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని చాలామంది నేర్పుతారు. బీరువాలో ఉన్న పుస్తకంలో రాసుకోవడం, అన్ని సైట్లకూ పేరు పక్కన 123 తగిలించిన ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోవడం కంటే ఎంతో నయం.

భర్తదో భార్యదో మెయిల్ పెట్టొచ్చా? పూర్తి నమ్మకం ఉంటే పెట్టొచ్చు. కానీ రికవరీ మెయిల్ ఎవరి చేతిలో ఉంటే పాస్‌వర్డ్ మార్చే మొదటి మెట్టు వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఇంట్లో పరిస్థితి బాగాలేని ఆడవాళ్లు, తమ ఉత్తరాలు, బ్యాంకు మెసేజ్‌లు వేరేవాళ్లు చూస్తారని భయం ఉన్నవాళ్లు తమకొక్కరికే తెలిసిన మెయిల్‌నే పెట్టుకోవాలి. ఫోన్ అన్‌లాక్ పిన్ కూడా మార్చుకోవాలి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

బ్యాకప్ కోడ్‌లు

ఒకే ఒక్కటి ఎంచుకోమంటే నేను వీటి వైపే చేయి చూపిస్తాను. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నవాళ్లకు గూగుల్ 10 కోడ్‌లు ఇస్తుంది. ఒక్కోటి 8 అంకెలు. చదవడానికి వీలుగా నాలుగు అంకెలు, ఖాళీ, మళ్లీ నాలుగు అంకెలుగా ఉంటాయి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, వాడినదాన్ని పెన్నుతో కొట్టేయాలి. కొత్త సెట్ తీసుకుంటే పాత సెట్ మొత్తం చెల్లదు.

ఇవి పాస్‌వర్డ్‌కి బదులు వాడేవి కావు. పాస్‌వర్డ్ కొట్టాక అడిగే రెండో మెట్టుకి సంబంధించినవి. ఫోన్ పోయి, పాస్‌వర్డ్ గుర్తుండి కూడా ఓటీపీ రాక బయటే నిలబడిపోయేవాళ్లను ఇవి లోపలికి తీసుకెళ్తాయి. సిమ్ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, ఛార్జింగ్ అక్కర్లేదు. ఫోన్ పోయినా ఇవి పోవు.

కాగితం మీదే ఉంచినప్పుడే ఈ లాభం. స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెడితే ఫోన్‌తోపాటే పోతుంది. గూగుల్ డ్రైవ్‌లో పెడితే, ఏ అకౌంట్ తెరుచుకోవడం లేదో కోడ్‌లు అందులోనే ఇరుక్కుంటాయి. ప్రింట్ తీయండి, లేదా చేత్తో రాయండి. ఒకటి ఇంట్లో పాస్‌బుక్కుల దగ్గర, విదేశంలో ఉంటే ఇంకొకటి పాస్‌పోర్ట్ కవర్‌లో పెట్టండి. ఈ కోడ్‌ల కాగితం మీద మెయిల్ అడ్రస్, పాస్‌వర్డ్ రాయకండి. ఉత్త అంకెలు ఎవరికి దొరికినా ఏం చేసుకోలేరు.

అథెంటికేటర్ యాప్, ఫోన్ మీద వచ్చే 'యెస్'

అథెంటికేటర్ యాప్ 30 సెకన్లకోసారి మారే 6 అంకెల కోడ్ చూపిస్తుంది. సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది కాబట్టి ఇండియా సిమ్ రోమింగ్‌లో ఓటీపీ రాక బాధపడే ఎన్ఆర్ఐలకు ఎస్ఎంఎస్ కంటే ఇదే మేలు. 2023 ఏప్రిల్ నుంచి గూగుల్ అథెంటికేటర్‌లో కోడ్‌లను అకౌంట్‌లో సింక్ చేసుకునే వీలు వచ్చింది. సింక్ లేకుండా పాత ఫోన్ తుడిచేస్తే కోడ్‌లు పోయినట్టే. కొత్త ఫోన్‌కి మార్చుకున్నాకే పాతది ఇచ్చేయండి.

"సైన్ ఇన్ అవుతున్నది మీరేనా?" అని ఫోన్‌కి వచ్చే ప్రశ్న వాడకానికి ఇంకా సులువు. ఆ సులువులోనే ప్రమాదం కూడా ఉంది. మీరేమీ చేయకుండా అది వచ్చిందంటే మీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరో ఉండి ఉండొచ్చు. 'నో' నొక్కి వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. ఎవరో ఫోన్ చేసి "ఒక్కసారి యెస్ నొక్కండి సార్" అంటే ఫోన్ పెట్టేయండి.

పాస్‌కీ

గూగుల్ అకౌంట్లకు 2023 మేలో పాస్‌కీ వచ్చింది. వేలిముద్రతోనో, ముఖంతోనో, ఫోన్ పిన్‌తోనో లాగిన్ అయిపోవడమే. మీ వేలిముద్ర ఫోన్ దాటి గూగుల్‌కి వెళ్లదు. గుర్తుపెట్టుకోవాల్సినదేమీ లేదు. నకిలీ లాగిన్ పేజీ చూపించి కొట్టించుకోవడానికీ కుదరదు. పాస్‌కీ అసలు సైట్‌తోనే ముడిపడి ఉంటుంది, పేజీ ఎంత అచ్చంగా ఉన్నా నకిలీ సైట్‌కి స్పందించదు. రోజువారీ వాడకానికి ప్రస్తుతం దీన్ని మించింది లేదని నా నమ్మకం.

ఎవరికి వద్దు? ఒక ఫోన్ నలుగురు వాడే ఇంట్లో వద్దు. ఫోన్ అన్‌లాక్ చేయగలిగిన ప్రతివాళ్లూ మెయిల్ తెరవగలరు. నెట్ సెంటర్ కంప్యూటర్లో, ఆఫీసులో అందరూ వాడే కంప్యూటర్లో అసలే వద్దు. పిన్ 1234 అయితే పాస్‌కీ కూడా 1234 అంత గట్టిదే. ఇంకో మాట, పాస్‌కీ ఉన్న ఆ ఒక్క ఫోన్ పోతే మళ్లీ పాత దారులే దిక్కు. పాస్‌కీ పెట్టుకున్నాం కదా అని రికవరీ మెయిల్, కోడ్‌లు తీసేయకండి.

యూఎస్‌బీలో పెట్టే సెక్యూరిటీ కీలు పత్రికలవాళ్లకు, ఎన్నికల్లో పనిచేసేవాళ్లకు, కంపెనీ సర్వర్లు చూసేవాళ్లకు కావాలి. కొంటే రెండు కొనాలి. ఇంట్లోవాళ్ల మెయిల్‌కి అంత అవసరం ఉండదు.

నమ్మకస్తుల ద్వారా రికవరీ

2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన రికవరీ కాంటాక్ట్స్ ఏర్పాటు పెద్దవాళ్లకు బాగా పనికొస్తుంది. ముందే కూతురినో తమ్ముడినో కాంటాక్ట్‌గా పెట్టుకుంటే, మీరు బయట ఇరుక్కున్నప్పుడు మీ తెరమీద వచ్చిన నంబర్‌ని వాళ్లు తమ ఫోన్లో ఎంచి "అవును, మా నాన్నే" అని చెప్పాలి. దీనివల్ల వాళ్లకు మీ మెయిల్ కనిపించదు. కాంటాక్ట్‌గా ఉన్నవాళ్లు మాత్రం మనిషితో స్వయంగా మాట్లాడి, గొంతు గుర్తుపట్టాకే నొక్కాలి. వాట్సాప్ మెసేజ్ చూసి నొక్కకూడదు.

ఎవరికి ఏది

అరవై దాటిన అమ్మానాన్నలకు: వాళ్ల సొంత నంబర్, పిల్లల్లో ఒకరు రికవరీ కాంటాక్ట్‌గా, బీరువాలో బ్యాకప్ కోడ్‌ల కాగితం. అథెంటికేటర్ యాప్ పెట్టి వాళ్లను తికమక పెట్టకండి.

విదేశంలో ఉన్నవాళ్లకు: రెండో మెయిల్, పాస్‌కీ, పాస్‌పోర్ట్‌తోపాటు కోడ్‌లు. నంబర్ ఏ దేశంలో రోజూ వాడుతున్నారో అదే. ఇక్కడి సిమ్‌ని వదిలేసేముందే మార్చండి. మార్చేటప్పుడు పాతదానికే కోడ్ వెళ్లే అవకాశం ఉంది.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు: అప్లికేషన్ పెట్టేరోజు నెట్ సెంటర్లో కొత్త మెయిల్ తెరిపించుకోకండి. పాస్‌వర్డ్ ఆ సెంటర్ వాళ్లకే తెలుస్తుంది, హాల్ టికెట్ రోజున వాళ్లు దొరకరు. మీ ఫోన్లో మీరే తెరిచి, మీ నంబరే ఇచ్చి, ఇంట్లోవాళ్ల మెయిల్‌ని రికవరీగా పెట్టండి.

మెయిల్‌తోనే ఆర్డర్లు, బిల్లులు నడిపే చిన్న వ్యాపారులకు: పాస్‌కీ రెండు ఫోన్లలో, కోడ్‌లు షాపులో కాకుండా ఇంట్లో. కుర్రాడికి పాస్‌వర్డ్ చెప్పి పని చేయించే అలవాటు ఉంటే అతను మానేసిన రోజే మార్చండి.

మర్చిపోలేదు, ఎవరో మార్చేశారు అయితే

ఇది వేరే కథ, ఇక్కడ వేగం ముఖ్యం. ఎవరైనా మీ రికవరీ నంబర్, మెయిల్ మార్చేసినా, 7 రోజులపాటు పాత నంబర్‌కో పాత మెయిల్‌కో కోడ్ పంపించుకునే అవకాశం గూగుల్ ఇవ్వొచ్చు. "రికవరీ ఫోన్ మారింది" అన్న మెయిల్ కనిపిస్తే ఆ వారం దాటనివ్వకండి.

లోపలికి వెళ్లాక పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే సరిపోదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. బ్యాంకు నుంచి వచ్చే మెయిళ్లు నేరుగా వేరే అడ్రస్‌కి వెళ్లేలా, మీకు కనిపించకుండా ట్రాష్‌లో పడేలా పెట్టి వెళ్తారు. ఇది కంప్యూటర్‌లో తెరిస్తేనే సరిగ్గా కనిపిస్తుంది. తర్వాత 'యువర్ డివైసెస్'లో తెలియని ఫోన్లను తీసేయండి. అనుమతి ఇచ్చిన బయటి యాప్‌ల జాబితా, యాప్ పాస్‌వర్డ్‌లు (కొన్ని యాప్‌ల కోసం విడిగా తీసుకునే పాస్‌వర్డ్‌లు), రికవరీ వివరాలు వరుసగా చూడండి. పాత బ్యాకప్ కోడ్‌లు వాళ్ల చేతికి చిక్కి ఉండొచ్చు, కొత్త సెట్ తీసుకోండి.

ఎంత ప్రయత్నించినా తెరుచుకోకపోతే

కొన్ని అకౌంట్లు తిరిగి రావు. రికవరీ నంబర్ లేదు, మెయిల్ లేదు, పాత ఫోన్ లేదు అంటే గూగుల్ దగ్గర కూడా మిమ్మల్ని గుర్తుపట్టే ఆధారం ఉండదు. ఆధార్ కార్డు పంపినా లాభం లేదు. ఆ అకౌంట్ తెరిచినప్పుడు ఆధార్ ఇవ్వలేదు కదా, పోల్చి చూడటానికి వాళ్ల దగ్గర ఏముంటుంది?

అలాంటప్పుడు కొత్త మెయిల్ తెరిచి, ముందు బ్యాంకుకి వెళ్లండి. బ్రాంచిలో గుర్తింపు కార్డు చూపించి ఖాతాకి ఉన్న మెయిల్ మార్పించుకోండి. ఇన్‌కం టాక్స్ పోర్టల్‌లోకి ఆధార్ ఓటీపీతో లాగిన్ అయి ప్రొఫైల్‌లో మెయిల్ మార్చొచ్చు. ఆ తర్వాత టికెట్ల సైట్లు, షాపింగ్ సైట్లు. వాట్సాప్ చాట్ బ్యాకప్ పాత అకౌంట్‌లోనే ఉంటే, ఫోన్లో చాట్‌లు ఉండగానే బ్యాకప్‌ని కొత్త అకౌంట్‌కి మార్చండి. ఈలోగా పాత మెయిల్‌ని పూర్తిగా వదిలేయకండి. ఎప్పుడైనా పాత ల్యాప్‌టాప్ దొరికితే, ఒకప్పుడు అందులో ఆ మెయిల్ తెరిచి ఉంటే, అదే బ్రౌజర్‌లోంచి ఇంకోసారి రికవరీ ప్రయత్నించండి.